సుంకి ఘాట్‌లో బండి ఎందుకు తిరగలేదు? రేస్ స్కూలు చెప్పిన జవాబు

ఒడిశాలోని కొరాపుట్ జిల్లాలో సుంకి దాటి ఆంధ్రలోని సాలూరు వైపు దిగుతుంటే ఒక ఎడమ మలుపు వస్తుంది. ఆరేళ్ల క్రితం ఆ మలుపులో నా బండి తిరగలేదు. సెమిలిగుడలో పొద్దున్నే బయల్దేరి విజయనగరంలో మా పెద్దమ్మ ఇంటికి వెళ్తున్నాను. వాన లేదు, రోడ్డు పొడిగా ఉంది, బండి 150 సీసీది. మలుపు సగంలో ఉండగా కింద నుంచి లోడు లారీ ఒకటి రొప్పుతూ ఎక్కి వచ్చింది. దాన్ని చూడగానే యాక్సిలరేటర్ వదిలేశాను. రెండు చేతులూ హ్యాండిల్ మీద బిగుసుకుపోయాయి. కళ్లు లారీ బంపర్ మీదే ఉండిపోయాయి. బండి నెమ్మదిగా, తిన్నగా, నేను చూస్తున్న ఆ బంపర్ వైపే జరిగింది. మధ్య గీత దాటిపోయాను. లారీ డ్రైవర్ బ్రేకు వేసి ఆపేశాడు కాబట్టి ఇది రాయగలుగుతున్నాను.

ఇంట్లో చెబితే అందరూ ఒకే మాట అన్నారు: స్పీడు తగ్గించుకోవాలి. ఆ మాట తప్పని అనను, కానీ అది నా ప్రశ్నకి జవాబు కాదు. అప్పుడు నా బండి 40లో ఉంది. తర్వాత ఓ ఆదివారం తెల్లవారుజామున అక్కడికి వెళ్లి, బండి ఓ పక్కన ఆపి, ఆ మలుపుని అడుగులతో కొలిచాను. వ్యాసార్ధం 25 మీటర్లకి అటూ ఇటూగా వచ్చింది. 25 మీటర్ల మలుపులో గంటకి 40 కిలోమీటర్ల వేగంతో తిరగాలంటే బండి సుమారు 27 డిగ్రీలు వాలాలి. పొడి తారు మీద మంచి టైర్లున్న మామూలు బండి అంతకంటే బాగా ఎక్కువే వాలగలదు. అంటే ఆ రోజు బండికి ఆ మలుపు తిరిగే శక్తి ఉంది. నేను తిప్పలేదు. ఎందుకు తిప్పలేదన్న ప్రశ్న పట్టుకుని రెండేళ్ల తర్వాత సుమారు వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక రేస్ ట్రాక్‌కి వెళ్లాను. అక్కడ నేర్చుకున్నది కొరాపుట్, రాయగడ, గజపతి జిల్లాల ఘాట్ రోడ్ల మీద రోజూ తిరిగే మన తెలుగువాళ్లందరికీ పనికొస్తుందని నా నమ్మకం.

ముందు వేగానికీ వాలుకీ ఉన్న లెక్క చూద్దాం, ఎందుకంటే మన అంచనాలు ఇక్కడే దెబ్బతింటాయి. మలుపులో బండిని బయటికి లాగే ప్రభావం వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. అదే 25 మీటర్ల మలుపులో 40లో వెళ్తే 27 డిగ్రీల వాలు సరిపోతుంది. 50లో అయితే 38 డిగ్రీలు కావాలి. 60లో అయితే దాదాపు 49 డిగ్రీలు, అంటే మామూలు బండికి ఫుట్‌రెస్టులు నేలని గీరుకుంటూ, టైరు పట్టు వదిలే హద్దులో ఉన్నట్టు. స్పీడోమీటర్ మీద 20 కిలోమీటర్లు పెరిగితే వాలు దాదాపు రెట్టింపయింది. ‘నిన్న 40లో బాగానే తిరిగాను, ఇవాళ 60లో కాస్త కష్టపడితే చాలు’ అనుకునే కుర్రాడికి ఈ మూడు అంకెలు కాగితం మీద రాసి ఇవ్వాలనిపిస్తుంది.

సరే, 27 డిగ్రీలు వాల్చాలి. వాల్చడం ఎలా? ఇరవై ఏళ్లుగా బండి నడుపుతున్న మా మావయ్యని అడిగాను. ‘ఒళ్లు అటు వంచితే బండి అటు వంగుతుంది’ అన్నాడు. ఇంకొకరు ‘హ్యాండిల్ అటు తిప్పుతాం, అంతేగా’ అన్నారు. ఇద్దరూ బాగా నడుపుతారు, ఇద్దరూ తాము చేసే పనిని సరిగ్గా చెప్పలేకపోయారు. ఈ ఇబ్బంది పాతదే. విమానం కనిపెట్టిన రైట్ సోదరులకి అసలు వ్యాపారం సైకిళ్లు. వాళ్లలో పెద్దవాడైన విల్బర్, సైకిల్ తొక్కేవాళ్లని డజన్ల మందిని పట్టుకుని ‘ఎడమకి ఎలా తిప్పుతావు?’ అని అడిగాడట. మొదటిసారే సరైన జవాబు చెప్పినవాడు ఒక్కడూ లేడని ఆయన గమనించాడు. అందరూ మొదట హ్యాండిల్‌ని కాస్త కుడికి తిప్పుతారు, కానీ తిప్పుతున్నట్టు వాళ్లకే తెలియదు.

అవును, ఎడమకి తిరగాలంటే ముందు హ్యాండిల్ కుడికి తిరగాలి. అరచేతిలో కర్ర నిలబెట్టే ఆట చిన్నప్పుడు అందరం ఆడాం. కర్ర ఎడమకి ఒరగాలంటే చేతిని కుడికి జరపాలి. బండి కూడా ఆ కర్రలాంటిదే, చెయ్యి ఉండాల్సిన చోట టైర్లు ఉన్నాయి. ముందు చక్రం కొద్దిగా కుడికి వెళ్తే పైనున్న బండీ మనిషీ ఎడమకి ఒరుగుతారు. ఒరిగాక ముందు చక్రం తనంతట తానే ఎడమకి తిరుగుతుంది, బండి వంపు తిరగడం మొదలుపెడుతుంది. చేతికి తెలిసే భాషలో చెప్పాలంటే: ఎడమకి వెళ్లాలంటే ఎడమ పిడిని ముందుకి తొయ్యాలి, కుడికి వెళ్లాలంటే కుడి పిడిని. దీన్ని కౌంటర్ స్టీరింగ్ అంటారు. స్కూటీకీ ఇదే, బుల్లెట్‌కీ ఇదే.

మరి ఈ సంగతి లైసెన్సు తీసుకున్నప్పుడు ఎవరూ ఎందుకు చెప్పలేదు? నేను ఇచ్చిన పరీక్షలో 8 అంకె వేయించారు. కాళ్లు కింద పెట్టకుండా వేస్తే పాస్. 8 వేసేటప్పుడు బండి నడక వేగంలో ఉంటుంది, ఆ వేగంలో హ్యాండిల్ ఎటు తిప్పితే అటే వెళ్తుంది. వేగం కాస్త పెరిగి 20, 25 దాటిందంటే ఆ పద్ధతి చెల్లదు. అంటే మనకి పరీక్ష పెట్టిన నైపుణ్యం వేరు, ఘాట్‌లో ప్రాణం కాపాడేది వేరు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతోంది. అందులో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లే. ఈ చావుల్లో ఎన్నిటికి కారణం వేగం, ఎన్నిటికి రోడ్డు, ఎన్నిటికి ఎదుటివాడు అన్నది వేరే చర్చ. కానీ దేశమంతా బండెక్కే జనానికి బండిని గట్టిగా ఆపడం, త్వరగా తిప్పడం ఒక్క గంటైనా ఎవరూ నేర్పకపోవడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

నేను మలుపులో లారీని చూసి బిగుసుకుపోయినప్పుడు ఏం జరిగిందో ఇప్పుడు చెప్పగలను. రెండు చేతులూ ఒకే బలంతో పిడుల్ని నొక్కాయి. ఎడమ చెయ్యి ‘ఎడమకి’ అంటోంది, కుడి చెయ్యి ‘కుడికి’ అంటోంది. రెండూ కలిసి హ్యాండిల్‌ని తాళం వేసినట్టు పట్టేశాయి. బండి ఎటూ వాలలేదు.

భయంలో ఒంటికి వచ్చే ఈ పనుల్ని వరుసలో పెట్టి, వాటి చుట్టూ ఒక పాఠ్యక్రమమే కట్టినవాడు అమెరికాకి చెందిన కీత్ కోడ్. ఆయన 1980లో కాలిఫోర్నియా సూపర్‌బైక్ స్కూల్ మొదలుపెట్టాడు. 500 సీసీ బైకు రేసుల్లో వరసగా మూడుసార్లు ప్రపంచ విజేత అయిన వేన్ రైనీకి తొలి రోజుల్లో శిక్షణ ఇచ్చింది ఆయనే. ఆ స్కూలు 2010లో చెన్నై దగ్గరికి వచ్చింది. ఇప్పుడు మన దేశంలో మాజీ రేసర్లూ, బండ్ల కంపెనీలూ నడిపే శిక్షణలు చాలా ఉన్నాయి, వాటిలో చాలావాటి మీద ఆ పద్ధతి నీడ కనిపిస్తుంది. భయం వేసినప్పుడు మనిషి ఏం చేస్తాడు? యాక్సిలరేటర్ మూసేస్తాడు. పిడుల్ని బిగించి పట్టుకుంటాడు. చూపు ఇరుకైపోతుంది, భయపెట్టే వస్తువు మీదే అతుక్కుపోతుంది. హ్యాండిల్ తిప్పడం మానేస్తాడు, లేదా ఎటు వెళ్లకూడదో అటే తిప్పుతాడు. బ్రేకు పట్టడం మర్చిపోతాడు, లేకపోతే ఒక్కసారిగా పిండేస్తాడు. పామును చూసి వెనక్కి గెంతడానికీ, చెట్టు మీద నుంచి జారుతూ కొమ్మ పట్టుకోవడానికీ పనికొచ్చే ప్రతిచర్యలివి. రెండు చక్రాల మీద వాలి వెళ్తున్నప్పుడు ప్రతి ఒక్కటీ బండిని మలుపు బయటికే నెడుతుంది.

ఈ ప్రతిచర్యల్ని చదివి మార్చుకోలేం. చెయ్యికి అలవాటయ్యేదాకా మళ్లీ మళ్లీ చెయ్యాలి, అలా చెయ్యడానికి ఘాట్ రోడ్డు పనికిరాదు. అక్కడ ఒక మలుపులో ఇసుక ఉంటుంది, ఇంకో మలుపులో ఆవు ఉంటుంది, వానాకాలమైతే కొండచరియ నుంచి జారిన రాయి ఉంటుంది. తప్పు చేస్తే ఏ తప్పు చేశావో తెలుసుకునే అవకాశం రాకపోవచ్చు. ట్రాక్ అంటే ఇవన్నీ తీసేసిన రోడ్డు. ఎదురు వచ్చే బండి ఉండదు. అంచు దాటితే లోయ ఉండదు, ఖాళీ మట్టి నేల ఉంటుంది. అదే మలుపు రోజులో యాభైసార్లు వస్తుంది. రేస్ స్కూలు అనగానే మన దగ్గర అందరికీ మోకాలు నేలకి రాసే ఫొటో గుర్తుకొస్తుంది. నాకు మాత్రం అది ప్రయోగశాల. మిగతావన్నీ కదలకుండా పెట్టి ఒక్కదాన్నే మార్చి చూసే చోటు.

దేశంలో బైకులకి తగిన పెద్ద ట్రాకులు చాలా తక్కువ. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ సర్క్యూట్ 2011లో మొదలైంది, 2023 సెప్టెంబరులో మోటోజీపీ అనే ప్రపంచ స్థాయి బైకు రేసు జరిగింది అక్కడే. కోయంబత్తూరు దగ్గర కరి మోటార్ స్పీడ్‌వే 2 కిలోమీటర్లకి కాస్త పైన ఉంటుంది, చిన్న బండ్లకి చక్కగా సరిపోతుంది. మనకి దగ్గర చెన్నై శివార్లలో శ్రీపెరుంబుదూరు పక్కనున్న ఇరుంగాట్టుకోట్టై ట్రాక్. పొడవు 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. దీన్ని కట్టింది మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్. అంతకుముందు వాళ్లు షోలవరంలో యుద్ధకాలం నాటి విమానాల రన్‌వే మీద రేసులు నడిపేవారు. విశాఖ నుంచి రాత్రి రైలెక్కితే చెన్నై చేరిపోవచ్చు. బండి మనదే తీసుకెళ్లాలని లేదు, చాలా స్కూళ్లు బండీ, తోలు సూటూ అద్దెకి ఇస్తాయి.

నేను రెండు రోజులు నేర్చుకున్నది అక్కడే. పొద్దున్న ఏడింటికే బండ్ల తనిఖీ. మన బండి తీసుకెళ్తే అద్దాలు విప్పేయాలి లేదా టేపు వేయాలి, హెడ్‌లైట్ గాజుకీ టేపే, పగిలితే ముక్కలు ట్రాక్ మీద పడకుండా. తర్వాత జెండాల పాఠం. పసుపు జెండా ముందు ప్రమాదం ఉందని, ఎరుపు జెండా సెషన్ ఆపేశామని, నలుపు జెండా నిన్నే లోపలికి రమ్మని. వాటి గురించి పరీక్ష పెట్టినట్టే అడిగారు. ఆపైన అరగంట క్లాసు, ఇరవై నిమిషాలు ట్రాక్ మీద, వెనక్కి వచ్చాక శిక్షకుడితో ఒకరికి ఒకరు మాట, కాస్త విశ్రాంతి, మళ్లీ క్లాసు. ఇలా రోజుకి ఐదుసార్లు. ఒక్కో క్లాసులో ఒక్కటే విషయం. రెండు చెబితే చెయ్యి రెండూ వదిలేస్తుందని శిక్షకుడు చెప్పిన మాట నాకు మధ్యాహ్నానికల్లా అనుభవంలోకి వచ్చింది. చెన్నై ఎండలో తోలు సూటులో ఉంటే గంటకో సీసా మంచినీళ్లు తాగినా చాలదు, దప్పికైన మెదడు మలుపులు లెక్కపెట్టలేదు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ మూడో సెషన్ తర్వాత కళ్లు తిరిగి కూర్చున్నవాళ్లని చూశాను.

మొదటి పాఠం విని ఆశ్చర్యపోయాను. బ్రేకు ముట్టుకోవద్దు, గేరు మార్చొద్దు, ఒకే గేరులో ట్రాకంతా తిరగండి అన్నారు. మలుపుకి ముందు వేగం తగ్గించాలంటే యాక్సిలరేటర్ ముందుగానే వదలాలి. అప్పుడు వేగాన్ని కళ్లతో, ఒంటితో అంచనా వేయక తప్పదు. బండి వాలిన మరుక్షణం నుంచి మలుపు అయ్యేదాకా యాక్సిలరేటర్‌ని సన్నగా, ఆగకుండా, కుదుపు లేకుండా తెరుస్తూ పోవాలి. అదొక్కటే పని.

మలుపులో గ్యాస్, అంటే యాక్సిలరేటర్, తెరవడమా? నా ఒళ్లంతా వద్దంది. అందుకే దీని వెనకున్న కారణం కాస్త నిదానంగా చెబుతాను. బండి వెనక టైరు ముందు టైరు కంటే వెడల్పు. నేలని పట్టుకునే ముక్క కూడా వెనకే పెద్దది. అందుచేత మలుపులో బరువు సుమారు 40 శాతం ముందు, 60 శాతం వెనక ఉంటే రెండు టైర్లూ తమ శక్తికి తగ్గట్టు పని చేస్తాయి. కానీ బండి వాలగానే వేగం తనంతట తానే పడిపోతుంది. టైరు పక్కకి నలుగుతూ తిరుగుతుంటుంది కాబట్టి ఆ రాపిడి బండిని వెనక్కి లాగుతుంది. వేగం పడితే బరువు ముందుకి వస్తుంది, ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే ఫోర్కు కుంగుతుంది, చిన్నగా ఉన్న ముందు టైరు మీద పెద్ద భారం పడుతుంది. సన్నగా గ్యాస్ తెరిస్తే ఆ బరువు తిరిగి వెనక్కి వెళ్తుంది, బండి కూడా తన దారిలో కుదురుగా సాగుతుంది. అదే గ్యాస్‌ని టక్కున మూసేస్తే? ముందు భాగం కుంగుతుంది, నేలకీ ఫుట్‌రెస్టుకీ మధ్య ఖాళీ తగ్గుతుంది, సస్పెన్షన్ ఊగుతుంది, దారి మారిపోతుంది. ఆ ఊపు చేతికి తగిలి భయం ఇంకా పెరుగుతుంది. ఆ రోజు సుంకి దగ్గర నేను చేసింది ఇదే. గ్యాస్ మూసి బండిని నేనే కుదుపులో పెట్టాను, ఆ కుదుపుకి భయపడి పిడులు మరింత బిగించాను.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. గ్యాస్ తెరవమంటే వేగం పెంచమని కాదు. తగ్గబోయే వేగాన్ని నిలబెట్టేంత, దానికి వెంట్రుకవాసి ఎక్కువ, అంతే. మలుపులోకి వచ్చిన వేగమే ఎక్కువైతే ఈ సూత్రం పనికిరాదు. అందుకే వేగం తేల్చుకోవాల్సింది మలుపుకి ముందు.

రెండో పాఠం ఎక్కడ తిప్పాలన్నది. ట్రాక్ మీద ప్రతి మలుపు ముందూ టేపుతో పెద్ద గుర్తు వేశారు. అక్కడిదాకా తిన్నగా వచ్చి, ఆ గుర్తు దగ్గర బండిని ఒక్కసారి వాల్చాలి. మొదటి చుట్లలో అందరం గుర్తు కంటే చాలా ముందే తిప్పేశాం. మలుపు భయపెడుతుంది కాబట్టి త్వరగా మొదలెట్టేద్దామనిపిస్తుంది. ముందే తిప్పితే మలుపు లోపలి అంచుకి ముందే చేరుకుంటాం, మలుపు ఇంకా మిగిలి ఉండగానే మన దారి బయటికి విచ్చుకుంటుంది. చివర్లో మళ్లీ వాల్చక తప్పదు. ఆలస్యంగా తిప్పితే లోపలి అంచుని, అంటే రేసువాళ్లు ఏపెక్స్ అనే చోటుని, మలుపు మూడొంతులు అయ్యాక తాకుతాం. అప్పటికి బయటికి వెళ్లే దారి కళ్ల ముందు తెరుచుకుని ఉంటుంది. ఘాట్‌కి ఇది అచ్చంగా వర్తిస్తుంది. ఎడమ మలుపులో మన సగంలోనే, మధ్య గీతకి కాస్త ఇవతల ఉండి, మలుపు అవతల ఏముందో కనపడేదాకా ఆగి తిప్పితే, చివర్లో ఎదురు సగంలోకి వెళ్లే అవసరమే రాదు. ఆ రోజు నేను ముందే తిప్పాను. లారీ కనపడేసరికి నా దారి అప్పటికే బయటికి తెరుచుకుంటోంది.

ఆలస్యంగా తిప్పాలంటే త్వరగా తిప్పగలగాలి. అక్కడే పిడిని తోసే పాఠం వచ్చింది. ఖాళీ స్థలంలో శిక్షకుడి ముందు పదిసార్లు ఎడమకీ కుడికీ తోయించారు. ఒక చెయ్యి తోస్తుంటే రెండో చెయ్యి వదులుగా ఉండాలి. మోకాళ్లతో ట్యాంకుని పట్టుకుంటే ఒంటి బరువు చేతుల మీద పడదు. వాలాక రెండు చేతులూ వదులు. వాల్చిన బండిని పట్టుకుని ఉండక్కర్లేదని, అది తన వాలులో తానే నిలబడుతుందని చెయ్యికి తెలిసిన క్షణంలో నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్లు దాన్ని బలవంతంగా పట్టుకుని ఉన్నాను.

చూపు గురించి మన పెద్దవాళ్లు ‘దూరం చూసి నడుపు’ అంటారు. సగం నిజం. దూరం ఒక్కటే చూస్తే దగ్గరున్న గుర్తు తప్పిపోతుంది. స్కూల్లో చెప్పింది ఇది: తిప్పాల్సిన గుర్తుని కాస్త దూరంలోనే పట్టుకో, అక్కడికి చేరకముందే చూపుని లోపలి అంచుకి పంపు, అక్కడికి చేరకముందే బయటి దారికి పంపు. చూపు ఎప్పుడూ బండి కంటే ఒక అడుగు ముందుండాలి. ఏదైనా ఒకదాని మీద చూపు ఇరుక్కుందనిపిస్తే, కళ్లు కదపకుండానే చుట్టుపక్కల ఉన్నదంతా గమనించాలి. ఇంట్లో గోడ మీది గడియారాన్ని చూస్తూ, తల తిప్పకుండా గదిలో తలుపు ఎక్కడుంది, కుర్చీ ఎక్కడుంది అని గమనించి చూడండి, అదే. చూపు వెడల్పైతే వేగం తగ్గినట్టు అనిపిస్తుంది, భయం కూడా తగ్గుతుంది.

బ్రేకుల పాఠం నన్ను ఎక్కువ కదిలించింది, ఎందుకంటే మన వైపు దీని మీదున్న నమ్మకం ప్రాణాలు తీస్తోంది. ‘ముందు బ్రేకు పట్టకు, బోల్తా కొడతావు’ అని మనందరికీ చిన్నప్పుడే చెప్పారు. గట్టిగా బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకి వస్తుంది, ముందు చక్రం మీద మొత్తం బరువులో 80, 90 శాతం దాకా చేరుతుంది. వెనక చక్రం తేలికైపోతుంది. తేలికైన చక్రానికి ఎంత బ్రేకు వేసినా జారడం తప్ప ఆపడం రాదు. 50 కిలోమీటర్ల వేగంలో, పొడి తారు మీద, వెనక బ్రేకు ఒక్కదానితో ఆగాలంటే సుమారు 28 మీటర్లు పడుతుంది. రెండూ సరిగ్గా వేస్తే 12, 13 మీటర్లు. తేడా ఒక లారీ పొడవు కంటే ఎక్కువ. దిగుడు రోడ్డు మీద ఈ తేడా ఇంకా పెరుగుతుంది. పెద్దవాళ్లు భయపడింది ముందు బ్రేకుని ఒక్కసారిగా పిండడం గురించి, ఆ భయం నిజమే. నిమ్మకాయ పిండినట్టు ముందు కొద్దిగా, బరువు ముందుకి చేరాక గట్టిగా పట్టాలి. టైరు నేలకి అదుముకున్నాక అది చాలా బ్రేకు భరిస్తుంది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి చేశారు. అంతకంటే చిన్నవాటికి రెండు బ్రేకులూ కలిపి పనిచేసే ఏర్పాటైనా ఉండాలని అప్పుడు చెప్పారు. ఏబీఎస్ చక్రం బిగుసుకుపోకుండా చూస్తుంది. బ్రేకు పట్టే నిర్ణయం మాత్రం మనదే.

మలుపులో బ్రేకు? టైరు దగ్గర పట్టు ఒక్కటే ఖాతా. తిరగడానికి కొంత, ఆగడానికి కొంత అందులోంచే తీసుకోవాలి. బాగా వాలి ఉన్నప్పుడు తిరగడానికే అంతా ఖర్చవుతుంటే, బ్రేకుకి మిగిలేది కొంచెమే. అనుభవమున్న రేసర్లు బ్రేకుని సన్నగా వదులుతూ మలుపులోకి వెళ్తారు. అది ఆ ఖాతాని వేలికొసల మీద లెక్కపెట్టగలిగినవాళ్ల పని. మొదటి రెండు రోజుల్లో నేర్చుకునేది కాదు.

మోకాలు నేలకి తగలడం గురించి అడగనివాళ్లు లేరు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ఒంటిని లోపలి వైపు జరిపితే అదే మలుపుకి బండి కొన్ని డిగ్రీలు తక్కువ వాలితే చాలు. మోకాలు ఎంత వాలామో తెలిపే కొలబద్ద. నాకు ఆ రెండు రోజుల్లో మోకాలు ఒక్కసారి కూడా తగల్లేదు, శిక్షకుడు దాని గురించి ఒక్క మాట కూడా అడగలేదు. కొరాపుట్ జిల్లాలోని దేవ్‌మాలి కొండకి వెళ్లే దారిలో ఫోన్ కెమెరా కోసం మోకాలు చాపే పిల్లల్ని చూస్తుంటే గుండె జారిపోతుంది. ట్రాక్‌లో అడ్డంగా ఉన్న వెడల్పంతా మనదే. ఘాట్‌లో సగమే మనది. ట్రాక్ కోసం టైర్లలో గాలి తగ్గిస్తే, అలాగే రోడ్డెక్కకూడదు, కంపెనీ చెప్పినంత మళ్లీ పట్టించాలి. ట్రాక్ వేగం కూడా ట్రాక్‌లోనే వదిలేయాలి.

ఎవరు వెళ్లొచ్చు అంటే, బండి మీద ఏడాది రెండేళ్లు నమ్మకంగా తిరిగి, క్లచ్, గేర్లు ఆలోచించకుండా వేయగలిగినవాళ్లు ఎవరైనా. పెద్ద బండి అక్కర్లేదు, నేర్చుకోవడానికి 150, 200 సీసీయే మంచిది, తప్పుని క్షమిస్తుంది. ఖర్చు తక్కువేం కాదు, ఆ మాట దాచను. ఫీజు, అద్దె, రైలు, బస కలిపితే ఒక సామాన్యుడికి నెల జీతం పోవచ్చు. అందుకే అందరూ వెళ్లాలని అనలేను. కానీ పిడి తోయడం, రెండు బ్రేకులతో ఆగడం, చూపుని ముందుకి పంపడం, ఈ మూడూ ఇక్కడే నేర్చుకోవచ్చు. హెల్మెట్, మందపాటి చొక్కా, చీలమండ దాటే బూట్లు, గ్లౌజులు, ఖాళీ మైదానం, పక్కన ఒక మనిషి ఉంటే చాలు.

మా ఊళ్లో సంత లేని రోజు సంత మైదానం ఖాళీగా ఉంటుంది. పోయిన నెల మా బావ కొడుకు కొత్త బండి కొన్నాడు. ఆనవాయితీ ప్రకారం రాయగడ తీసుకెళ్లి మజ్జిగౌరమ్మ దగ్గర పూజ చేయించారు, నిమ్మకాయలు తొక్కించారు. మర్నాడు పొద్దున్న నేను మైదానంలో మూడు ఇటుకలు పెట్టి పిలిచాను. ‘మావయ్యా, నాకు బండి వచ్చుగా’ అన్నాడు. 30లో తిన్నగా వస్తూ ఎడమ పిడిని రెండు వేళ్లతో మెల్లగా ముందుకి తొయ్యమన్నాను. కుడికి పోతుందేమో అన్నాడు. తోశాడు. బండి ఎడమకి ఒరిగింది. అక్కడే ఆపేసి, పిడి వంకా నా వంకా రెండుసార్లు చూశాడు. మళ్లీ చేస్తానన్నాడు. ఎండ ఎక్కేదాకా చేస్తూనే ఉన్నాడు. ఇప్పుడు ఆదివారాల్లో వాడి స్నేహితులు నలుగురు వస్తున్నారు, వాళ్లలో ఇద్దరు స్కూటీల మీద వచ్చే టీచరమ్మలు. వచ్చే వారం బ్రేకులు. ఇటుకలు ఇంకో పది కావాలి.